పసుపుపచ్చ గడి

మా తోడికోడలు పోయిందన్న కబురు ముందు నాకు రాలేదు, మా అమ్మాయికి వచ్చింది. పొద్దున్నే కల్లంలో మిరపకాయలు తిరగేస్తూ, కాసిన్ని మంచినీళ్ళు తాగుదామని కాయలు ఆరబోసిన పట్టా అంచున కూర్చుందట. కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. బావగారు కంగారులో ఆవిడ ఫోనే అందుకుని, అందులో అన్నిటికంటే పైన ఏ నంబరు ఉంటే దాన్ని నొక్కారు. అది మా లిఖిత నంబరు. అప్పటికి నేను గుంటూరులో, నేను పనిచేసే ప్రైవేటు స్కూల్లో, పిల్లల డ్రాయింగు షీట్లు దిద్దుతున్నాను. "పెద్దమ్మ లేవట్లేదంటమ్మా, నువ్వు రా" అని లిఖిత ఫోన్ చేసింది. షీట్లు అలాగే వదిలేసి మా ఊరికి ఆటో ఎక్కాను.

పెదకాకానిలో గుడి దగ్గర కొత్త బండ్లకు పూజలు చేయించుకునేవాళ్ళ రద్దీలో ఆటో ఆగిపోయింది. మామిడాకులు, బంతిపూల దండలు వేసుకున్న ఒక ట్రాక్టరు మా ముందు నుంచి కదలదు. అలా ఇరుక్కుని కూర్చున్నప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఏడుపుతో పాటే ఇంకొకటి కూడా వచ్చింది. చివరికి ఆవిడ ఫోన్లో కూడా నా కూతురే అందరికంటే పైన ఉందా అన్న మంట. ఆ సమయంలో అలాంటి ఆలోచన ఏమిటని మీకు అనిపించవచ్చు. నాకు మాత్రం ఆవిడ విషయంలో అది కొత్త కాదు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచి మాటలే రాయాలంటారు. రాస్తాను, ఆవిడ గురించి మంచి మాటలకు కరువు లేదు. కాకపోతే నాకు ఆవిడంటే కుళ్ళు. ఇన్నేళ్ళూ ఉంది, ఇప్పుడూ ఉంది. దాన్ని దాచిపెట్టి రాస్తే అది ఆవిడ గురించి రాసినట్టు ఉండదు, ఎవరో మంచావిడ గురించి రాసినట్టు ఉంటుంది.

ఆవిడ మా బావగారి భార్య. పెళ్ళయిన రోజు నుంచీ నేను "అక్కా" అని పిలిచాను. మాది రెండంతస్తుల ఇల్లు. కింద వాళ్ళు, పైన మేము. బావగారిది మిరప, పత్తి వ్యవసాయం. మా ఆయన కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. అక్క కొడుకు చీమకుర్తిలో గ్రానైటు రాళ్ళు కోసే యూనిట్లో పనిచేస్తూ భార్యతో అక్కడే కాపురం ఉంటాడు. కాబట్టి ఇంట్లో మిగిలిందల్లా మేమే. ఆ మిగిలినవాళ్ళందరూ ఏ చిన్న సంగతికైనా నేరుగా కిందికి వెళ్ళేవాళ్ళే.

నా పెళ్ళయిన కొత్తలో మా అమ్మ నన్ను చూసిపోదామని తాడేపల్లి నుంచి వచ్చింది. పొద్దుటి బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. ఆ మధ్యలో నాతో మాట్లాడిన దానికంటే అక్కతో మాట్లాడిందే ఎక్కువ. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, నీకు మంచి తోడికోడలు దొరికిందే, ఇక నాకు బెంగ లేదు అని కళ్ళు తుడుచుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కన్న కూతుర్ని వదిలి వెళ్తున్నందుకు ఏడవాలి గాని, తోడికోడలు బాగుందని ఏడవడం ఏమిటి? మా ఆయన కూడా అంతే. నేను వండింది తిని, మంచినీళ్ళకని కిందికి వెళ్ళి, అక్క నూరిన పండుమిరప పచ్చడి వేలికి అద్దుకుని నాకుతూ పైకి వచ్చేవారు.

పోనీ ఆవిడ ఎవరినైనా మాటలతో మచ్చిక చేసుకునేదా అంటే అదీ లేదు. మాట కరుకు, గొంతు పెద్దది. కల్లంలో నుంచి ఆవిడ ఎవరినైనా కేకేస్తే హైవే మీద పోయే లారీ డ్రైవరు తననే పిలిచారేమోనని తల తిప్పి చూసేవాడు. ఎవరైనా ఏడుస్తూ వస్తే "ముందు తిను, ఏడుపెక్కడికి పోద్ది" అని కంచం పెట్టేది. అంతే, వాళ్ళు తిని, ముక్కు చీదుకుని, నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు. నేను అదే మాట అంటే ఎవరో ఒకరు నొచ్చుకునేవాళ్ళు.

ఆవిడకు చత్వారం వచ్చి చాలాకాలమైంది. కళ్ళజోడు పెట్టుకోమంటే ముక్కుపుడక కనపడదని పెట్టుకునేది కాదు. ఆ ముక్కుపుడక మీద ఆవిడకు అంత మోజు. శనగబద్దంత బంగారు ముక్కుపుడక, రాళ్ళూ రప్పలూ ఏమీ లేనిది. మాట్లాడుతున్నంతసేపూ వేలితో దాన్ని తడుముకుంటూ ఉండేది. కళ్ళజోడు లేదు కాబట్టి ఏది చూడాలన్నా దూరం జరిగి చూసేది. పెళ్ళి శుభలేఖ వస్తే దాన్ని గూట్లో నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, అక్కడి నుంచి చదివేది. బియ్యంలో రాళ్ళున్నాయంటే తనకు కనపడలేదనేది, "నాకు కనపడకపోతే అది లేనట్టేనే" అని నవ్వేది. నేను మళ్ళీ ఆ బియ్యం పైకి తెచ్చుకుని ఏరుకునేదాన్ని.

ఇప్పుడు మా అమ్మాయి బొమ్మ సంగతి చెప్పాలి. ఆవిడను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

పోయినేడు పదో తరగతి పరీక్షలయ్యాక లిఖితకు వీడియో గేమ్ తయారుచేయాలని పుట్టింది. అందులో తిరిగే మనుషుల్ని తనే వేస్తానని నా పాత ల్యాప్‌టాప్ తీసుకుంది. ఫోన్లో ఫోటోను బాగా పెద్దది చేస్తే గళ్ళు గళ్ళుగా విడిపోతుంది చూడండి, ఆ గళ్ళలో ఒక్కొక్కదానికీ రంగు నింపుతూ బొమ్మ వేయడాన్ని పిక్సెల్ ఆర్ట్ అంటారు. అడ్డంగా ముప్ఫై రెండు గళ్ళు, నిలువుగా ముప్ఫై రెండు. ఆ కాస్త చోటులో ఒక మనిషి పట్టాలి. కన్నుకు ఒకటో రెండో గళ్ళు, చేతికి నాలుగైదు. ఒక్క గడి అటూ ఇటూ అయినా నవ్వే మనిషి ఏడుస్తున్నట్టు ఉంటుంది.

నేను డ్రాయింగు టీచరుని. డ్రాయింగు పరీక్షలు లోయరు, హయ్యరు రెండూ ప్యాసై, టీచరు ట్రైనింగు కూడా చేసినదాన్ని. మా స్కూల్లో ఏ పిల్ల బొమ్మ వేసినా నా చేతిలోకి రావాల్సిందే. మరి నా సొంత కూతురు తన జన్మలో మొదటిసారి ఒక మనిషి బొమ్మ వేస్తుంటే ఎవరికి చూపించాలి? మీరే చెప్పండి. నేను పక్క నుంచి వెళ్తే చేత్తో తెర మూసేది. జామకాయ ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లి, పళ్ళెం పక్కన పెట్టి ఒక క్షణం నిలబడేదాన్ని. "అయ్యాక చూపిస్తాలే అమ్మా" అనేది. సరే, అయ్యాక నాకే గదా చూపించేది అని ఓపిక పట్టాను.

ఒకరోజు మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చేసరికి బల్ల మీద ల్యాప్‌టాప్ లేదు. కింద నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. చెప్పుల్తోనే మెట్లు దిగాను. అక్కావాళ్ళ ముందు గదిలో స్టూలు మీద ల్యాప్‌టాప్ ఉంది, దాని పక్కన నేల మీద లిఖిత కూర్చుని ఉంది. అక్క గుమ్మం అవతల నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తల వెనక్కి వాల్చి చూస్తోంది.

తెర మీద ఒక ఆడమనిషి. తలకూ మూతికీ కలిపి తువ్వాలు చుట్టుకుంది. కళ్ళు తప్ప మొహం కనపడదు. మిరపకాయల ఘాటుకు కల్లంలో అందరూ అలాగే కట్టుకుంటారు. రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, ఎర్రటి కుప్ప పక్కన నిలబడి ఉంది. ఎవరని అడగనక్కర్లేదు, ఆ నిలబడే తీరు మా ఇంట్లో ఒక్కరిదే. నా కూతురు వేసిన మొట్టమొదటి మనిషి నేను కాదు. వేసింది నన్ను కాకపోతే పోనీ, చూపించింది కూడా నాకు కాదు.

అక్క అప్పటికే తన అభిప్రాయం చెప్పేస్తోంది. ఆవిడకు బొమ్మల గురించి ఏమీ తెలియదు, ఆ సంగతి ఆవిడ కూడా కాదనేది కాదు. చీర రంగు బాగాలేదంది. చేతికి గాజులు పెట్టమంది. జడలో పూలు లేకపోతే ఎట్టా అంది. తువ్వాలు చుట్టుకున్న తలలో పూలెక్కడ పెట్టాలో ఆవిడకే తెలియాలి. తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"ఏమే, నా ముక్కుపుడక ఏదీ?"

"గుడ్డ కట్టుకున్నావు గదా పెద్దమ్మా, లోపల ఉంటది."

"లోపలుంటే అది నేనని ఎవరికి తెలుసుద్ది? పెట్టు, పెట్టు. ఇక్కణ్ణుంచి నాకు కనపడాలి."

లిఖిత పడీపడీ నవ్వి, తువ్వాలు మీద, ముక్కు ఉండాల్సిన చోట, ఒక గడిలో పసుపుపచ్చ రంగు పెట్టింది. అక్క గుమ్మం అవతల నుంచి చూసి, ఇప్పుడు నాలాగుంది అని వచ్చి కూర్చుంది.

నాకు ఇక ఆగలేదు. గుడ్డ మీద ముక్కుపుడక ఎలా ఉంటుందని అడిగాను. అక్కడితో ఊరుకోలేదు. చుట్టూ నల్లటి గీత మందంగా ఉందన్నాను. వెలుగు ఏ వైపు నుంచి పడుతోందో తెలియకుండా అంచులంతా చీకటి, మధ్యలో తెలుపు పెడితే మనిషి దిండులా ఉంటుందన్నాను. ఎరుపులోనే ఇన్ని రంగులెందుకన్నాను. ఎడమ చెయ్యి కుడిచేతి కంటే పొడుగన్నాను. ఇందులో ఒక్కటి కూడా తప్పు కాదు. చెప్తూ చెప్తూ లిఖిత చేతిలోంచి మౌస్ తీసుకుని ఎడమ చెయ్యి సరిచేయడం మొదలుపెట్టాను. డ్రాయింగు టీచర్లందరం అంతే. పిల్ల షీటు మీద మా పెన్సిల్ పెట్టి దిద్దడమే మాకు తెలిసిన చదువు, మాకు చెప్పిన మాస్టారూ అలాగే దిద్దారు.

"ఆ చెయ్యి తియ్యవే" అంది అక్క. "బొమ్మ దానిది. నీ చెయ్యి పడితే అది నీది అవుద్ది."

లిఖిత నేను సరిచేసిన గళ్ళన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుని, పాత చెయ్యి మళ్ళీ వచ్చాక మూత దించింది. నేను పైకి వచ్చేసి ఆ సాయంత్రం కూరలో ఉప్పు వేయడం మర్చిపోయాను. అందరూ కిందికి వెళ్ళి పచ్చడి తెచ్చుకున్నారు.

తర్వాత లిఖిత ఆ బొమ్మను ఇంటర్నెట్లో, కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఒకరి బొమ్మ ఒకరికి చూపించుకునే గ్రూపులో పెట్టింది. ఏ దేశాల వాళ్ళో ఇంగ్లీషులో జవాబులు రాశారు. ఒకాయన, నీ నింజా బాగున్నాడు అన్నాడు, జపాను సినిమాల్లో ముసుగు కట్టుకుని కత్తి తిప్పేవాడట. ఇంకొకావిడ, ఈ దొంగ ఆ ఎర్రటి రత్నాలు ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చాడు అని అడిగింది. మూతికి గుడ్డ కట్టుకున్న మనిషిని చూస్తే మా వైపు వాళ్ళకు మిరపకాయలు గుర్తొస్తాయి గాని, వాళ్ళకెలా తెలుస్తుంది పాపం. ఒకాయన మాత్రం ఓపిగ్గా పెద్ద జవాబు రాశాడు. నల్ల గీత తగ్గించు, వెలుగు ఒక వైపు నుంచే రానివ్వు, రంగులు తగ్గించు. ఆఖరున, మొహం మీద ఒంటరిగా ఒక పసుపు గడి పొరపాటున పడింది, తీసేయి అన్నాడు.

ఆ జవాబు చదివి నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. ముక్కూమొహం తెలియని మనిషి అచ్చం నేను చెప్పినట్టే చెప్పాడు. వెంటనే కిందికి దిగి అక్కకు పూసగుచ్చినట్టు వినిపించాను. ప్రపంచంలో బొమ్మలు తెలిసినవాళ్ళందరూ ఆ చుక్క తీసేయమంటున్నారు అన్నాను. అక్క వంకాయలు తరుగుతూ అంతా విని, కత్తిపీట మీద నుంచి తలెత్తింది.

"వాళ్ళల్లో ఎవరికైనా ముక్కుపుడక ఉందా?"

 నింజా అనీ దొంగ అనీ అన్నందుకు లిఖిత మొహం ముడుచుకుని కూర్చుంటే, అక్క దాన్ని దగ్గరకు పిలిచి, నేను దొంగనైతే నువ్వు దొంగపిల్లవేనే అని నవ్వించి, అట్టు వేసి పెట్టింది. మర్నాటి నుంచి లిఖిత ఆ పెద్దమనిషి చెప్పినవన్నీ ఒక్కొక్కటే నేర్చుకుంది. నల్ల గీత పోయి ముదురు గోధుమరంగు వచ్చింది. వెలుగు ఎడమవైపు నుంచి పడడం మొదలైంది. అవే మాటలు అమ్మ చెప్పినప్పుడు చేదు, ఆయన చెప్తే తీపి. అది ఒక కుళ్ళు. పసుపుపచ్చ గడి మాత్రం ఎవరు చెప్పినా కదల్లేదు. అది ఇంకో కుళ్ళు.

ఒకటి మాత్రం చెప్పాలి. లిఖిత ఏడాది పిల్లగా ఉన్నప్పుడు నాకు స్కూల్లో ఉద్యోగం వచ్చింది. మా అత్తగారు అప్పటికి ఉన్నారు, పిల్లను వదిలి వెళ్ళడానికి వీల్లేదన్నారు. మా ఆయన గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. అక్క లోపల నుంచి వచ్చి, "దాన్ని పోనియ్యండి అత్తయ్యా, పిల్ల సంగతి నేను చూసుకుంటా" అని నా చేతిలోంచి లిఖితను తీసుకుని చంకనేసుకుంది. అంతే, మళ్ళీ ఆ మాట ఇంట్లో రాలేదు. నేను ఇవాళ టీచర్ని అనిపించుకుంటున్నానంటే ఆవిడ వల్లే. నేను గుంటూరులో ఊళ్ళో పిల్లలందరి బొమ్మలూ దిద్దుతుంటే, నా కూతురు కింద ఆవిడ ఒళ్ళో పెరిగింది. మొదటి బొమ్మ ఎవరికి చూపిస్తుంది మరి? ఈ లెక్క నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన మంట తగ్గుతుందా? సాయం చేసినవాళ్ళ మీద కుళ్ళు ఇంకా కష్టం, పైకి అనడానికి ఉండదు.

ఈ ఏడు మిరప కోతలు మొదలయ్యాక లిఖిత కాలేజీ లేని రోజుల్లో కల్లానికి వెళ్ళేది. ఆ బొమ్మను కదిలేలా చేయాలట. అందుకు మనిషి ఎలా వంగుతుందో, ఎలా లేస్తుందో చూడాలట. అక్క తువ్వాలు చుట్టుకుని దానికోసం కాయలు తిరగేసేది. లిఖిత ఫోన్లో తీసే వీడియో సరిగ్గా పడలేదంటే మళ్ళీ తిరగేసేది. ఒక ఆదివారం నేను క్యారేజీ తీసుకుని వెళ్ళేసరికి పట్టాల మధ్య ఇద్దరూ తుమ్ముకుంటూ, ఒకరిని చూసి ఒకరు నవ్వుకుంటున్నారు. కూలికి వచ్చినవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. అక్క నన్ను చూసి, "నువ్వు కూడా రావే, నిన్ను కూడా వేసుద్ది" అని కేకేసింది. నాకు పనుందని క్యారేజీ గట్టు మీద పెట్టి వచ్చేశాను. నిజానికి ఏ పనీ లేదు. ఆవిడ రమ్మంటే వెళ్ళి నిలబడడం నాకు ఇష్టం లేదు, లిఖిత పిలిస్తే వెళ్ళేదాన్ని.

ఆ కల్లంలోనే అక్క కూర్చుండిపోయింది.

ఇంటికి తెచ్చి ముందు గదిలో పడుకోబెట్టారు. పుణ్యస్త్రీగా పోయింది, పెట్టి పుట్టింది అని వచ్చినవాళ్ళందరూ అంటున్నారు. స్నానం చేయించే ముందు బంగారం తీయాలన్నారు. మెడలోవి, చేతివి తీశారు. ముక్కుపుడక రాలేదు. ఎన్నేళ్ళ నుంచో ఉన్న మర, బిగుసుకుపోయింది. అక్క కోడలు పిల్ల భయపడి వెనక్కి జరిగింది. ఎవరో నన్ను పిలిచారు, తోడికోడలివి గదా నువ్వు తియ్యమ్మా అని. కొబ్బరినూనె రాసి, మొహం మీదికి వంగి, నెమ్మదిగా తిప్పాను. అన్నేళ్ళలో ఆవిడ మొహాన్ని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. ఎక్కడ నొప్పి పుడుతుందోనని చాలాసేపు తిప్పాను. అది నా చేతిలోకి వచ్చాక, ఆ మొహం ఎవరిదో కొత్తమనిషిది అయిపోయింది. తలెత్తి చూస్తే లిఖిత గుమ్మం దగ్గర నిలబడి నా చేతుల వైపే చూస్తోంది.

పెద్దకర్మ అయిపోయింది. అక్క కొడుకూ కోడలూ చీమకుర్తి వెళ్ళారు. బావగారు ఒక్కరే కాబట్టి వంట పైన చేసినా భోజనాలు కిందే చేస్తున్నాం. లిఖిత ల్యాప్‌టాప్ తెరవడం మానేసింది. ఆ గ్రూపులో కూడా ఏమీ పెట్టినట్టు లేదు. నేను జామకాయ ముక్కలు కోసి పెడితే తినేది, మాట్లాడేది కాదు. ఇంట్లో ఇప్పుడు చూపించడానికి నేను తప్ప ఎవరూ లేరు. నాకు చూపించేకంటే ఎవరికీ చూపించకపోవడమే నయమనుకుందేమో అని భయమేసింది. నిజం చెప్తున్నాను, పోయిన మనిషి మీద అప్పుడు కూడా కోపం వచ్చింది. వెళ్తూ వెళ్తూ దాని బొమ్మల్ని కూడా పట్టుకుపోయావా అక్కా అనుకున్నాను.

మొన్న ఒక సాయంత్రం కింద అన్నాలకు పీటలు వేస్తుంటే లిఖిత ల్యాప్‌టాప్ తీసుకుని మెట్లు దిగింది. ముందు గదిలో అదే స్టూలు మీద పెట్టింది.

"అమ్మా, ఒకసారి చూస్తావా?"

చేతులు తుడుచుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను. తెర మీద ఆ మనిషి వంగి, కాయలు తిరగేసి, లేచి, చేతులు నడుము మీద పెట్టుకుంటోంది. మళ్ళీ వంగుతోంది. వెలుగు చక్కగా ఒక వైపు నుంచే పడుతోంది. రంగులు తక్కువ, కుప్ప మాత్రం నిజంగా ఎండిన కాయల్లాగే ఉంది. రెండు చేతులూ సమానంగా ఉన్నాయి. వంకపెట్టడానికి ఏమీ లేదు. పసుపుపచ్చ గడి కూడా లేదు.

"నువ్వు పెద్దమ్మకి తీసేశావుగా, అందుకని నేను కూడా తీసేశా" అంది లిఖిత. "గుడ్డ మీద ఉండదని నువ్వు మొదట్నుంచీ చెప్తానే ఉన్నావు. ఇప్పుడు కరెక్టేనా?"

ఏడాది పాటు నేను ఎదురుచూసిన ప్రశ్న అది. నా స్కూలు పిల్ల ఎవరైనా అది తెచ్చి ఉంటే నూటికి నూరు వేసి గోడకు అంటించేదాన్ని. చూశాను. వంగుతోంది, లేస్తోంది. ఏ ఊరి కల్లంలోనైనా ఉండే ఒక ఆడమనిషి. లేకపోతే ఆ గ్రూపువాళ్ళు అన్నట్టు నింజా. మా ఇంట్లో మనిషి కాదు. నా చెయ్యి దానంతటదే మౌస్ వైపు వెళ్ళింది. దాన్ని వెనక్కి తీసుకుని కొంగులో చుట్టేసుకున్నాను.

"కాదు" అన్నాను. "ముక్కుపుడక పెట్టు."

"గుడ్డ మీద ఎట్టా ఉంటదమ్మా?"

"ఉంటది. నువ్వు పెట్టు."

లిఖిత నా మొహంలోకి చూసి, తెర వైపు తిరిగి ఒక్క గడి నొక్కింది. తర్వాత గేములో ఎంత ఉంటుందో అంతకు బొమ్మను చిన్నది చేసింది. మనిషి మొత్తం నా బొటనవేలి గోరంత అయిపోయింది. "సరిపోయిందా?" అంది. నాకు దగ్గర నుంచి ఏమీ తెలియలేదు. నాకూ చత్వారం మొదలైనట్టుంది, కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. లేచి వెనక్కి, వెనక్కి జరుగుతూ గుమ్మం దాటి నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. గదిలో కూర్చున్నంతసేపూ తప్పులు వెతకడమే తప్ప ఇక్కడికి వచ్చి చూడాలని నాకెప్పుడూ తోచలేదు. చూడడానికి ఇంత మంచి చోటు ఎంచుకుని, ఏడాది పాటు ఆవిడ ఒక్కతే నిలబడింది. నన్ను ఒక్కసారైనా పక్కకు పిలిచిందా?

అక్కడి నుంచి కళ్ళు కనపడవు, చేతులు కనపడవు, తువ్వాలు కనపడదు. ఎర్రటి మరక ఒకటి, దాని పక్కన పసుపుపచ్చ చుక్క ఒకటి. ఆ చుక్క వంగుతోంది, లేస్తోంది, కాసేపు నిలబడి మళ్ళీ వంగుతోంది.